ఎగ్జిబిషన్ డిజైన్ కెరీర్: ఇందల్వాయి నుంచి ఆర్ట్ గ్యాలరీ దాకా దారి ఏంటి?

ఈ ఎపిసోడ్ ఎవరి కోసమంటే, ఇంటర్ లేదా డిగ్రీ అయిపోయి, చేతిలో కొంచెం కళ ఉండి, "మరి దీంతో బతకొచ్చా?" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం. మన ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆర్మూర్ వైపు ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. బొమ్మ బాగా గీస్తారు, వినాయక మండపం సెట్టింగ్ అదరగొడతారు. ఇంట్లో మాత్రం "బొమ్మలు అన్నం పెడతాయా బిడ్డా?" అంటారు. అమ్మానాన్న అడిగేది తప్పేం కాదు. దానికి సరైన జవాబు మన దగ్గర ఉండాలి, అంతే.

ఈరోజు టాపిక్ ఆర్ట్ గ్యాలరీ డిజైన్, ఎగ్జిబిషన్ డిజైన్. అసలు పని ఏంటి, ఎక్కడ నేర్పిస్తారు, డబ్బు సంగతేంటి, ఇంటి దగ్గరే ఎలా మొదలుపెట్టాలి, అన్నీ చెప్తాను. ఫోన్ పక్కన నోట్‌బుక్ కూడా పెట్టుకోండి, మధ్యలో లెక్కలున్నాయి.

ఒక అద్దం చేసే పని

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి స్కూల్ టూర్‌లో చాలామంది వెళ్లే ఉంటారు. మ్యూజికల్ క్లాక్ గంట కొట్టేది చూసుంటారు. అక్కడే ఒక చెక్క శిల్పం ఉంటుంది. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, అంటే గర్వంగా నిలబడ్డ సైతాను లాంటి మనిషి. అదే చెక్కకి వెనక వైపు మార్గరెట్టా, తల వంచుకున్న అమ్మాయి. వెనక ఒక అద్దం పెట్టారు కాబట్టి, ఒకే చోట నిలబడి ఇద్దర్నీ చూస్తాం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ అద్దం లేకపోతే? శిల్పం గోడకి ఆనించి పెట్టేస్తే సగం బొమ్మ మనకి తెలియనే తెలియదు. చెక్కినవాడి ప్రతిభ ఎంతైనా, దాన్ని మన కళ్ల దాకా తెచ్చింది ఆ అద్దం. వస్తువుకీ మనిషికీ మధ్యలో ఏం పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి, వెలుగు ఎటు నుంచి రావాలి అని ఆలోచించడమే ఎగ్జిబిషన్ డిజైన్.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, బ్యాకెండ్‌లో ఎంత మంచి డేటా ఉన్నా స్క్రీన్ మీద బటన్ ఎక్కడుందో కనపడకపోతే యూజర్ యాప్ మూసేస్తాడు. గ్యాలరీలో కూడా అంతే. దారి అర్థం కాకపోతే జనం రెండు సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు.

ఎవరి పని ఏంటి?

ఒక ఎగ్జిబిషన్ వెనక చాలామంది ఉంటారు. ఏ బొమ్మలు పెట్టాలి, వాటితో ఏ కథ చెప్పాలి అని తేల్చేది క్యూరేటర్. ఆ కథని గదిలోకి, గోడల మీదకి, దారిలోకి మార్చేది ఎగ్జిబిషన్ డిజైనర్. పాత వస్తువు పాడవకుండా చూసేది కన్సర్వేటర్. బొమ్మని ప్యాక్ చేసి, మోసి, సరిగ్గా గోడకెక్కించేవాళ్లని ఆర్ట్ హ్యాండ్లర్లు అంటారు. లైటింగ్ వాళ్లు వేరు. చెక్క, ఇనుము, యాక్రిలిక్ కోసి స్టాండ్లు చేసే ఫ్యాబ్రికేటర్లు వేరు. పెద్ద మ్యూజియంలో వీళ్లంతా వేరువేరు మనుషులు. చిన్న గ్యాలరీలో ఇద్దరు ముగ్గురే అన్నీ చేస్తారు. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకి రెండు మూడు పనులు వస్తే లాభం.

పసుపుతో ప్రాక్టీస్

థియరీ చాలు, పని మొదలుపెడదాం. మీ ఊరి స్కూల్‌లో ఒక గది మూడు రోజులకి ఇచ్చారనుకోండి. టాపిక్ పసుపు. మన ప్రాంతానికి ఇంతకంటే మంచి టాపిక్ ఏముంటుంది?

మొదటి పని కథ. గదిలో ఐదు స్టాపులు పెట్టండి. వానాకాలం మొదట్లో విత్తనం, దాదాపు తొమ్మిది నెలల తర్వాత తవ్వకం, తర్వాత ఉడకబెట్టడం, ఎండబెట్టి పాలిష్ పట్టడం, చివరికి మార్కెట్. వచ్చినవాళ్లు ఎడమ నుంచి మొదలై చుట్టూ తిరిగి బయటికి పోవాలి. ఎక్కడా ఎదురెదురుగా గుద్దుకోకూడదు. వీల్‌చైర్ వస్తే తిరగడానికి సుమారు 5 అడుగుల ఖాళీ ఉండాలి. ఈ దారిని ముందు కాగితం మీద గీయండి.

ఐదో స్టాపు దగ్గరే అసలు సవాలు. మార్కెట్ అంటే కొమ్ము, మండ రాసులు పోసి ఊరుకుంటామా? 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి మొత్తం 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అని నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది.

దీన్ని గదిలో ఎలా చూపిస్తారు? పేరా రాసి అతికిస్తే పది మందిలో ఇద్దరు చదువుతారేమో. అదే అట్టతో బ్యాలెట్ యూనిట్ సైజు డబ్బాలు 12 చేసి, పొడుగు బల్ల మీద వరసగా పెట్టండి. వచ్చినవాళ్లు ఆ బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. తన గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటూ ఓటరు ఎంత తికమకపడ్డాడో, రైతులు ఎంత గట్టిగా అడిగారో, ఆ నడకలోనే తెలిసిపోతుంది. ఒక్క పార్టీ పేరు రాయక్కర్లేదు. ఎగ్జిబిషన్ డిజైనర్ బుర్ర ఇలా పనిచేయాలి.

ఎత్తు లెక్క

ఫొటోలు, పెయింటింగులు గోడకి ఎంత ఎత్తులో పెట్టాలి? చాలా గ్యాలరీల్లో ఒక లెక్క పాటిస్తారు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకి దగ్గరగా అన్నమాట.

ఉదాహరణకి ఫ్రేమ్ ఎత్తు 36 అంగుళాలు. వెనక తీగని మేకుకి తగిలించి లాగితే, అది ఫ్రేమ్ పై అంచుకి 4 అంగుళాల కింద ఉంది. మరి మేకు ఎక్కడ కొట్టాలి? 57కి ఫ్రేమ్‌లో సగం, అంటే 18 కలపండి, 75. అందులోంచి 4 తీసేయండి, 71. నేల నుంచి 71 అంగుళాల దగ్గర మేకు. అదే మీ గదికి వచ్చేది ఐదో తరగతి పిల్లలైతే 57 బదులు 48 తీసుకోండి. మేకు 62 దగ్గరికి దిగుతుంది.

ఇంకో లెక్క. గోడ పొడవు 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. ఒక్కోటి 24 అంగుళాల వెడల్పున్న ఫొటోలు ఐదు. ఫొటోలకి 120 పోతే మిగిలింది 120. ఐదు ఫొటోలకి రెండు చివర్లతో కలిపి ఆరు ఖాళీలు వస్తాయి. 120ని 6తో భాగిస్తే ఒక్కో ఖాళీ 20 అంగుళాలు. చూశారా, కళ అంటే లెక్కలుండవు అనుకున్నోళ్లకి ఇది షాక్.

వెలుగు: స్నేహం, శత్రుత్వం రెండూ

తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే మన అమ్మలు ఏం చేస్తారు? ఉతికి ఎండలో ఆరేస్తారు. మరక మెల్లగా పోతుంది. ఎందుకంటే పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ వెలుగు తగిలితే విరిగిపోతుంది. చొక్కాకి అది మంచిదే. పసుపు అద్దిన పాత బట్ట మ్యూజియంలో ఉంటే మాత్రం అదే పెద్ద ప్రమాదం. వెలుగుతో పోయిన రంగు మళ్లీ రాదు.

అందుకే మ్యూజియంలలో వెలుగుని లక్స్‌లో కొలుస్తారు. కాగితం, బట్ట, వాటర్ కలర్ లాంటి సున్నితమైన వాటికి 50 లక్స్ దాకా. ఆయిల్ పెయింటింగులకి సుమారు 150 నుంచి 200. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. తేడా అర్థమైందా?

ఇంకో ముఖ్యమైన విషయం, దెబ్బ కూడుతూ పోతుంది. 50 లక్స్ వెలుగులో 8 గంటలు ఉంటే 400 లక్స్ అవర్స్. అదే బట్ట మీద 500 లక్స్ ఫోకస్ లైట్ వేస్తే ఆ 400 కేవలం 48 నిమిషాల్లో అయిపోతుంది. ఫొటోలు బాగా రావాలని లైట్లు అలా పెంచేస్తే మనం ఒక్క రోజులో పది రోజుల దెబ్బ కొడుతున్నట్టే.

మీ ఫోన్‌లో ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు వైపు వెలుగు సెన్సార్ ఉంటుంది. అది ల్యాబ్ మీటర్ అంత కచ్చితంగా ఉండదు, కానీ కిటికీ పక్కన ఎంత, మూలన ఎంత అని పోల్చడానికి చాలు. అద్దం ఉన్న ఫ్రేమ్ మీద లైట్ నేరుగా ఎదురుగా వేయొద్దు. పై నుంచి సుమారు 30 డిగ్రీల కోణంలో వేస్తే మెరుపు కంట్లో కొట్టదు.

చీటీ మీద ఏం రాయాలి?

వస్తువు పక్కన పెట్టే చీటీని లేబుల్ అంటారు. "పసుపు కొమ్ములు, నిజామాబాద్ జిల్లా" అని రాస్తే చూసేవాడికి కొత్తగా తెలిసిందేం లేదు. ఇలా రాసి చూడండి: "ఈ కొమ్ము దాదాపు తొమ్మిది నెలలు మట్టిలో ఉంది. తవ్వాక ఉడకబెట్టారు, రెండు వారాలు ఎండబెట్టారు. ఇప్పుడు విరిచి చూడండి, చప్పుడు వినిపిస్తుంది." చదివినవాడి చెయ్యి దానంతటదే కొమ్ము మీదకి పోతుంది.

ఒక లేబుల్ 50, 60 పదాలు దాటకుండా చూసుకోండి. తెలుగు ముందు పెట్టండి. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీష్ కంటే ఎక్కువ ఇవ్వాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఫ్రీగా దొరుకుతాయి. ప్రింట్ తీసి, గోడకి అతికించి, మీ తాతని చదవమనండి. ఆయన కళ్లు చికిలించారంటే సైజు పెంచాలి.

మన పాత డిజైనర్లు

ఇదంతా విదేశాల నుంచి వచ్చిన విద్య అనుకోకండి. చేర్యాల నకాషీ బొమ్మల చుట్ట తెలుసు కదా? 30, 40 అడుగుల బట్ట మీద ఒక కులపురాణం మొత్తం గీస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, పాడుతూ ఊరి మధ్యలో చూపిస్తారు. తర్వాతి బొమ్మ ఎప్పుడు కనపడాలో చెప్పేవాడి చేతిలోనే ఉంటుంది. సస్పెన్స్, దారి, వెలుగు, జనం కూర్చునే చోటు, అన్నీ అందులో ఉన్నాయి.

అదే చుట్టని గ్యాలరీలో ఎలా పెట్టాలి? పూర్తిగా విప్పితే గోడ చాలదు, కథ ఒక్కసారే బయటపడిపోతుంది. కొంచెమే విప్పి అద్దాల పెట్టెలో పెడితే మిగతా కథ ఎవరికీ తెలియదు. ఇక్కడ బీటెక్ వాళ్లు పనికొస్తారు. అసలు చుట్టని 50 లక్స్‌లో కొంచెం విప్పి ఉంచి, పక్కన స్క్రీన్ మీద మొత్తం చుట్ట స్కాన్‌ని వేలితో జరుపుకుంటూ పాట వినేలా చేయొచ్చు. సెన్సార్లు, టచ్ స్క్రీన్, ప్రొజెక్షన్ తెలిసినవాళ్ల అవసరం మ్యూజియంలకి ఉంది. నేనూ కోడింగ్ నుంచి వచ్చినవాణ్నే కాబట్టి చెప్తున్నా, మీ బీటెక్ వృథా కాదు.

ప్రాణాల బాధ్యత

ఇది స్కిప్ చేయకండి. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి నడుస్తున్న ఎగ్జిబిషన్. 2019 జనవరి 30 రాత్రి అక్కడ అగ్నిప్రమాదం జరిగి చాలా స్టాళ్లు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు గానీ, ఎంతోమంది చిన్న వ్యాపారులు సరుకు మొత్తం పోగొట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కాలిపోయింది. అక్కడి సేకరణ మళ్లీ రాదు.

బట్ట, ప్లైవుడ్, థర్మకోల్, వేడెక్కే లైట్లు, వేలాడే వైర్లు, ఇవన్నీ మన చేతిలో ఉండే వస్తువులే. బయటికి పోయే దారికి అడ్డంగా అందమైన గోడ కట్టేవాడిని డిజైనర్ అనలేం. స్కూల్ గదిలో చేసే పసుపు ఎగ్జిబిషన్‌కి కూడా రెండు తలుపులూ తెరిచి ఉంచండి, వైర్లు నేల మీద కాళ్లకి తగలకుండా టేప్ వేయండి, మంట ఆర్పే సిలిండర్ ఎక్కడుందో అందరికీ చెప్పండి.

ఎక్కడ నేర్పిస్తారు?

ఇంటర్ తర్వాత. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అంటే ఎన్‌ఐడీలో బీడిజైన్‌లో ఎగ్జిబిషన్ డిజైన్ అని ప్రత్యేకంగా ఉంది. 1958లో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఇచ్చిన ఇండియా రిపోర్ట్ తర్వాత, 1961లో ఆ సంస్థ పుట్టింది. 1965లో న్యూయార్క్‌లో పెట్టిన నెహ్రూ ఎగ్జిబిషన్ మీద ఈమ్స్ దంపతులతో కలిసి ఆ సంస్థ పనిచేసింది. ఎంట్రన్స్ పేరు డాట్, ప్రిలిమ్స్, మెయిన్స్ ఉంటాయి. ఏ గ్రూప్ వాళ్లైనా రాయొచ్చు, కానీ వయసు పరిమితి ఉంది, నోటిఫికేషన్ జాగ్రత్తగా చూడండి. మెయిన్స్‌లో చేతికి సామాను ఇచ్చి మోడల్ చేయమంటారు. మండపం కట్టిన చేతులకి అది కొత్తేం కాదు.

2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ అమరావతిలో ఉంది. అక్కడ ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ ఉన్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉంది. ఫాడీ అనే ఎంట్రన్స్ రాస్తే పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్, ఇంటీరియర్ డిజైన్‌లో సీట్లు. ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్‌కి యూసీడ్ రాయాలి.

డిగ్రీ లేదా బీటెక్ తర్వాత. ఐఐటీల ఎండిజైన్‌కి సీడ్ అనే పరీక్ష. మ్యూజియం వైపు పోవాలంటే వడోదర ఎంఎస్ యూనివర్సిటీలో మ్యూజియాలజీ డిపార్ట్‌మెంట్ 1952 నుంచి ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ, కన్సర్వేషన్ నేర్పిస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో ఫైన్ ఆర్ట్స్ పీజీ ఉంది.

వడోదర దూరం అనుకుంటున్నారా? మెదక్ వైపు నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి తర్వాత వడోదర వెళ్లి కేజీ సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. మన పల్లెల నుంచి ఆ దారి ఎప్పుడో పడింది.

ఐటీఐ, పాలిటెక్నిక్ వాళ్లు మాకేం లేదా అని అడుగుతారు. వడ్రంగం, వెల్డింగ్, ఎలక్ట్రికల్ వచ్చినవాళ్లు లేకుండా ఒక్క ఎగ్జిబిషన్ కూడా నిలబడదు. మీరు డ్రాయింగ్ చదవడం, ఫ్రీగా దొరికే స్కెచ్‌అప్ వెబ్ వెర్షన్‌లో గది కట్టడం, డయలక్స్‌లో లైటింగ్ లెక్క వేయడం నేర్చుకుంటే ఫ్యాబ్రికేషన్ నుంచి డిజైన్ వైపు ఎక్కొచ్చు.

డబ్బు సంగతి ఓపెన్‌గా

హైదరాబాద్‌లో ప్రైవేట్ ఆర్ట్ గ్యాలరీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో పూర్తికాలం ఎగ్జిబిషన్ డిజైనర్ ఉద్యోగాలు ఇంకా తక్కువ. కేవలం గ్యాలరీ జాబ్ మీదే ఆశ పెట్టుకుంటే కష్టం. ఇదే నైపుణ్యానికి డబ్బులిచ్చే చోట్లు వేరే ఉన్నాయి: హైటెక్స్‌లో జరిగే ట్రేడ్ షోల స్టాళ్లు, కంపెనీల ఎక్స్‌పీరియన్స్ సెంటర్లు, షోరూమ్ డిస్‌ప్లేలు, ప్రభుత్వ మ్యూజియంల కాంట్రాక్ట్ పనులు. సైన్స్ సెంటర్లు నడిపే నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్‌లో ఎగ్జిబిషన్ అసిస్టెంట్ లాంటి పోస్టులు అప్పుడప్పుడు పడతాయి, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అక్కడ పనికొస్తుంది.

పని ఎక్కువగా ప్రాజెక్టుల లెక్కన వస్తుంది. ఒక నెల ఊపిరాడదు, ఇంకో నెల ఖాళీ. పెద్ద డిజైన్ కాలేజీల్లో నాలుగేళ్ల ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. కాబట్టి సీటు రాకముందే ఫీజు, హాస్టల్, మెటీరియల్ ఖర్చు, స్కాలర్‌షిప్, ఈపాస్ వర్తిస్తుందా లేదా, అన్నీ కాలేజీకి ఫోన్ చేసి అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం నాన్న ముందు పెట్టి మాట్లాడండి. "నాకు ఇష్టం నాన్నా" అంటే ఒప్పుకోని ఇంట్లో కూడా, లెక్క చూపిస్తే కనీసం కూర్చుని వింటారు. ఆ లెక్కలో కుదరదని తేలితే, ముందు దగ్గరి కాలేజీలో బీఎఫ్‌ఏ లేదా మామూలు డిగ్రీ చేసి, పీజీకి బయటికి వెళ్లే దారి ఉంది. అప్పు చేసి ఒకేసారి దూకాల్సిన అవసరం లేదు.

నెల రోజుల పని

మొదటి వారం చూడటం. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లో పురావస్తు మ్యూజియం ఉంది. శిల్పాలు, కంచు వస్తువులు, బిద్రీ పని, ఆయుధాలు ఉంటాయి. ఇందల్వాయి నుంచి బస్సెక్కితే పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి రావచ్చు. అక్కడ ఒక మూలన నిలబడి జనాన్ని చూడండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఆగకుండా పోతున్నారు, ఏ లేబుల్ చదువుతున్నారు? రాసుకోండి.

రెండో వారం కొలత. ఆ గదుల్లో ఒకదాని ప్లాన్ గీయండి, అనుమతి అడిగి కొలవండి. మూడో వారం అట్టతో మోడల్. 1:20 స్కేల్ అంటే నిజమైన 1 మీటర్ మోడల్‌లో 5 సెంటీమీటర్లు. మనిషి బొమ్మ కూడా కోసి నిలబెట్టండి, లేకపోతే సైజు తెలియదు. నాలుగో వారం మీ పసుపు గది నిజంగా పెట్టండి. ముందు, తర్వాత ఫొటోలు, కొలతలు, ఖర్చు, జనం ఏమన్నారు, ఏది పనిచేయలేదు, అన్నీ కలిపి పది పేజీల పీడీఎఫ్ చేయండి. మీ మొదటి పోర్ట్‌ఫోలియో అదే.

తర్వాత హైదరాబాద్‌లో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్, కేరళలో 2012లో మొదలైన కొచ్చి బినాలే లాంటి చోట్ల వాలంటీర్లు కావాలా అని మెయిల్ చేయండి, ఆ పీడీఎఫ్ జత చేసి. ఒక పెద్ద ప్రదర్శన గోడలకెక్కే వారం రోజులు దగ్గరుండి చూస్తే, ఈ పని మీకు సరిపడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. దుమ్ము, నిచ్చెన, అర్ధరాత్రి దాకా డ్రిల్లింగ్, ఇవి కూడా నచ్చితేనే ఈ లైన్‌లోకి రండి.

పసుపు గది పెట్టినవాళ్లు ఫొటోలు పంపండి, మేకు ఎత్తు ఎంత పెట్టారో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిని స్క్రీన్ మీద పెట్టి, లైటింగ్ ఎలా మార్చొచ్చో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.